పెట్టెబండిలో పురుడు

మా తమ్ముడు సింహాద్రి పెద్దకర్మ అయిపోయిన మర్నాడు, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక, మా మేనల్లుడు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. వాడి చేతిలో నిమ్మకాయంత పసుపుగుడ్డ మూట ఒకటుంది. “నాన్న పెట్టెలో అడుగున ఉంది అత్తా. పారేద్దామంటే చెయ్యాడలేదు. నీకేమైనా తెలుసేమోనని తెచ్చాను” అన్నాడు. ముడి విప్పితే లోపల ఆకుపచ్చ గాజు గోలీ. సోడా బుడ్డి మెడలో ఆడుతుండే గోలీ. ఒక పక్క చిన్న పెచ్చు ఊడిపోయి ఉంది. తమ్ముడు ఇన్నేళ్ళు దాన్ని దాచుకున్నాడని నాకు తెలీదు. చిన్నప్పుడే ఎక్కడో పారేసి ఉంటాడనుకున్నాను. గోలీని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మా వాళ్ళంతా నన్ను భయస్తురాలంటారు. నిజమే, కాదనను. అయితే అందరూ భయపడేవాటికి నేను భయపడను. చీకటంటే భయం లేదు, దొంగలంటే లేదు, పాము కనబడితే కర్ర పట్టుకుని నేనే ముందుంటాను. మూసిన తలుపంటే నాకు భయం. విశాఖపట్నంలో తుఫాను గాలికి వీధిలో రేకులు ఎగిరిపోతున్న రోజున కూడా మా ఇంట్లో ఒక కిటికీ రెక్క తీసే ఉండాలి. వాన జల్లు లోపలికి కొట్టి పరుపు తడిసినా సరే. మనవలు దానికి ‘మామ్మ కిటికీ’ అని పేరు పెట్టి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకు సంజాయిషీ చెప్పాలంటే నేను లంబసింగి మెరక మీద ఆగిపోయిన మా బండి దగ్గరికి వెళ్ళాలి, అక్కడికి వెళ్ళి తిరిగి రావడం నాకు ఇప్పటికీ తేలిక కాదు.

మా నాన్నది సోడాల వ్యాపారం. మా ఊరు నర్సీపట్నం అవతల మైదానంలో ఉండేది కానీ, ఏడాదిలో ఎక్కువ కాలం మేము మన్యంలోనే తిరిగేవాళ్ళం. ఏ రోజు ఎక్కడ సంత ఉంటే ఆ రోజు అక్కడ సోడా. అందుకని నాన్న ఇల్లూ కొట్టూ రెండూ చక్రాల మీదే పెట్టుకున్నాడు. ఆ బండి ఎవరో అడవుల దొర క్యాంపులకు తిరగడానికి చేయించుకున్నదట. దొర దేశం వెళ్ళిపోయాక వేలంలో నాన్న పాడుకున్నాడు. నాలుగు చక్రాలు, చుట్టూ టేకు పలకల గోడలు, పైన రేకు, వెనక ఒక తలుపు, పక్కన పలకంత అద్దాల కిటికీ. మామూలు గూడుబండికి పైన చాపో తడికో ఉంటుంది, గాలి వచ్చేదారిన వస్తుంది, పోయేదారిన పోతుంది. ఇది అలా కాదు. పలకకీ పలకకీ మధ్య గోరు దూరేది కాదు. చూసినవాళ్ళంతా పెట్టెబండి అనేవారు. నాన్న ఆ పేరు విని మురిసిపోయేవాడు. “రాజుల రథానికైనా ఇంత పనితనం ఉంటాదేటి?” అని ప్రతి సంతలోనూ ఎవరో ఒకరి చేత ఆ గోడలు తట్టి చూపించేవాడు.

ఆ బండి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. నిమ్మ ఎసెన్సు, తడి గోనె, టేకు కర్ర, ఎద్దుల చెమట, వీటన్నిటి మీదా మా మామ్మ చుట్ట వాసన. మామ్మ అంటే నాన్న తల్లి. ఆవిడది అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసే నోట్లో పెట్టుకునేది. అలా పెట్టుకునే కూర వండేది, నన్ను తిట్టేది, దేవుడికి దండం పెట్టేది. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా ఆవిడ ఏనాడూ నాలుక కాల్చుకోలేదు. నిప్పు సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం, మా అందరి నమ్మకం కూడా.

చలికాలంలో సోడా ఎవడు తాగుతాడు? కానీ నాన్న వినేవాడు కాదు. సంతకు కట్టిన సోడాల్లో సగానికి సగం నిండుగానే వెనక్కి వచ్చేవి. తమ్ముడు పుట్టిన ఏడుకు ముందటి చలికాలం చింతపల్లిలో రాత్రి బయట వదిలేసిన బుడ్లు రెండు, లోపలి సోడా గడ్డకట్టి, తెల్లారేసరికి పగిలిపోయాయి. మైదానం మనిషికి నీళ్ళు గడ్డకట్టడమేమిటో తెలీదు. నాన్న ఆ గాజుపెంకుల మధ్య మిగిలిన మంచుముద్దను చేత్తో పట్టుకుని, ఎవరో చేతబడి చేశారేమోనన్నట్టు చూడడం నాకు గుర్తుంది. ఆ తరవాత పొద్దుగూకేసరికి మా బండికి ఒక తంతు జరిగేది. తొట్టిలో నీళ్ళు పారబోసి బోర్లించాలి. రేకు మీద గడ్డి పరిచి తాళ్ళు కట్టాలి. బండి అడుగున గోనెలు బిగించాలి. తలుపు సందుల్లో పాతచీరల పేలికలు కుక్కాలి. ఆఖరికి నిండు సోడాలన్నీ లోపలికి చేర్చి, గడ్డిలో పడుకోబెట్టి, వాటి మధ్య మేము పడుకోవాలి. నేను ఎన్నో రాత్రులు ఒక చేత్తో అమ్మనూ ఒక చేత్తో సోడా బుడ్డినీ పట్టుకుని నిద్రపోయాను.

అవి మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగిన కొత్త రోజులు. అణిగిందని అందరూ అనేవారు గానీ, అణిగినట్టు ఎవరూ ఉండేవారు కాదు. కొండల్లో మనుషులు పోలీసుల్ని చూసి భయపడేవారు, పోలీసులు కొండల్ని చూసి భయపడేవారు, మధ్యలో మాలాంటి వ్యాపారస్తులు ఇద్దర్నీ చూసి భయపడేవాళ్ళం. లంబసింగి మెరక మీద పాక వేసుకుని తుపాకుల పోలీసులు కొందరు ఉండేవారు. వాళ్ళ హవల్దారు మా మైదానం వాడే, మఫ్లరు చెవుల మీదుగా చుట్టి, ఎప్పుడూ ముక్కు చీదుతూ కనిపించేవాడు. దారిన పోయే ప్రతి బండినీ ఆపి వెతికేవాడు. మా పెట్టెబండిని చూసినప్పుడల్లా ఆయనకు అనుమానమే. దానికి మళ్ళీ వస్తాను.

ఆ ఏడు మా అమ్మకు నెలలు నిండుతున్నాయి. నాకు పాలపళ్ళు ఊడుతున్న వయసు. నాకూ, కడుపులో ఉన్నవాడికీ మధ్య ఇద్దరు పిల్లలు పుట్టి, పురిట్లోనే పోయారు. రెండుసార్లూ ‘శీతలం తగిలింది’ అన్నారు. అందుకే ఈసారి చలి అన్న మాట వింటేనే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయేవి. కొండ దిగి మైదానంలో పురుడు పోసుకోవాలని నాన్న చింతపల్లి సంత చూసుకుని బేగి బయలుదేరాడు. ఇంకా వ్యవధి ఉందనే అనుకున్నాం. కానీ లంబసింగి చేరేసరికి అమ్మ మొహం మాడిపోయి ఉంది. బండి గతుకులో పడినప్పుడల్లా నా భుజం పట్టుకుని నొక్కుతోంది. ఆ నొక్కుడుకు నా భుజం కమిలిపోయింది గానీ నేను నోరెత్తలేదు. అమ్మ వదిలేస్తుందేమోనని భయం.

“అత్తా, బండి ఆపమను” అంది అమ్మ.

మామ్మ ముందుకు వంగి గోడ మీద గుద్దింది. “ఒరే, ఆపరా! ఘాటీ దిగేదాకా ఆగేలాగ లేదు.”

కొండ మలుపుల ఘాటీ దిగడం మొదలుపెడితే మధ్యలో ఆపడానికి చోటుండదు. అక్కడే రోడ్డు వారగా, పోలీసుల పాకకు కాస్త ఎగువన బండి ఆపాం. దిగువనున్న గుడిసెల్లోంచి చిలకమ్మ అనే ముసలామెను నాన్న పిలుచుకొచ్చాడు. కొండదొరల తెగ మనిషి, సంతలో మాకు గడ్డి అమ్మేది. నన్ను ఎద్దుల దగ్గర కూర్చోమన్నారు. ఎండ బాగానే ఉంది, అయినా నా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. పొద్దు వాలకముందే లోపలినుంచి ఏడుపు వినిపించింది. మగపిల్లాడు. సన్నగా, ఎలుకపిల్లంత గొంతు. మామ్మ తలుపు తీసి నాన్నకు చెప్పిన మొదటి మాట, “ఓరి నాయనా, కొడుకే. సింహాద్రప్పన్నకి మొక్కుకున్నాను, ఈడు బతికితే ఆ పేరే” అని. బతికితే అన్న మాట విని నాన్న తల దించుకున్నాడు.

హవల్దారు ఆ ఏడుపు విని పైకి వచ్చాడు. “ఏటుంది బండిలో?”

“పురుడొచ్చిందండి బాబూ. మావాళ్ళే. కూడా సోడాలు.”

“ఇంత బిగింపుగా సోడాలెందుకు? మందుగుండు పెట్టుకునే పెట్టెలాగుంది. ఒకటి కొట్టు, చూద్దాం.”

నాన్న ఒక బుడ్డి తీసి బొటనవేలితో గోలీ నొక్కాడు. గ్యాసు ఢామ్మని తన్నింది. వెనకనున్న కుర్ర కానిస్టేబు తుళ్ళిపడి తుపాకీ ఎత్తేశాడు. హవల్దారు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. తరవాత సిగ్గుపడి, ఆ సిగ్గు కోపమైపోయి, నాన్న మీద విరుచుకుపడ్డాడు. “ఇనుకో. పొద్దుగూకాక ఇక్కడ ఒక్క చప్పుడు వినపడిందా, ముందు కాలుస్తాం, తరవాతే అడుగుతాం. మొన్ననే కొండలో ఏటో అలికిడయిందని నా మనుషులు నిద్దర్లేక ఉన్నారు. నిప్పు కూడా బయట ఎయ్యొద్దు, పైకి కనపడుతుంది. నువ్వు మగోడివి, రాత్రికి మా పాకలో నా కళ్ళ ముందు తొంగో.”

నాన్న చేతులు కట్టుకుని సరే సరే అన్నాడు. హవల్దారు వెళ్ళాక నాన్న సోడాల వైపు చూసి, బండి చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన భయం ఏమిటో నాకు అర్థమైంది. సోడాలు చలికి పగిలితే ఆ చప్పుడు వీళ్ళు తుపాకీ అనుకుంటారు. పలకల గోడ ఎంత బిగింపైనా తుపాకీ గుండును ఆపదు.

అలాంటప్పుడు సోడాలు ఎప్పటిలాగే లోపల పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. మామ్మ ఒప్పుకోలేదు. “పురిటి గదిలో సరుకా? పురిటి మైల సోకిన సోడా ఎవుడు తాగుతాడ్రా? రేపు తెలిస్తే నీ మొహాన్న కొడతారు. పైగా జాగా ఏది? బాలింత కాలు సాపుకోవద్దా?” అంది. ఆవిడ చెప్పినదాంట్లో ఆ రోజుల లెక్కన ఒక్క ముక్క తప్పు లేదు. నాన్న సోడాలన్నీ బయటికి తీసి, బండి అడుగున చక్రాల మధ్య గోనెలు పరిచి వరసగా పడుకోబెట్టి, చిలకమ్మ తెచ్చిన గడ్డి మోపులన్నీ వాటి మీద దిట్టంగా కప్పాడు. బిడ్డను పడుకోబెట్టినంత నెమ్మదిగా కప్పాడు. చిరుతపులి తిరుగుతోందని చిలకమ్మ చెప్పడంతో ఎద్దుల్ని దూరంగా కట్టకుండా బండి చక్రాలకే కట్టేశాడు.

చిలకమ్మ మాత్రం చీకటి పడకముందే వెళ్ళిపోతానంది. రాత్రిపూట పోలీసుల పాక ముందునుంచి నడవడానికి ఆవిడకు ధైర్యం లేదు. వెళ్ళేముందు ఆకాశం వైపు చూసింది, ఒక్క మబ్బు లేదు. “ఈ రేత్రి మంచు పడతాది. నిప్పు దగ్గరెట్టుకోండి. తెల్లారగట్టే వత్తాను” అని గబగబా దిగిపోయింది.

ఇక మామ్మ బండిని మూయడం మొదలుపెట్టింది. ఆ పని చలికాలాల్లో చాలాసార్లు చూశాను గానీ ఆవిడ అంత కసిగా చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు మనవల్ని తీసుకుపోయిన శీతలం ఆ బండి చుట్టూ తిరుగుతూ ఉన్నట్టే, ఎక్కడ సందు దొరుకుతుందా అని వెతుకుతున్నట్టే చేసింది. చీరల పేలికలు పేడలో ముంచి తలుపు చుట్టూ కుక్కింది. కిటికీకి తలగడ అడ్డం పెట్టి మేకులు కొట్టించింది. గొళ్ళెం రంధ్రంలో గుడ్డ. నేల పలకల మధ్య మట్టి. నాన్న బయటనుంచి తలుపు మీద రెండు గోనెలు వేలాడదీసి తాడు కట్టాడు. “అమ్మా, గాలాడుతాదా?” అన్నాడు తాడు బిగిస్తూ. “గాలే కదరా మనకి పగ” అంది మామ్మ లోపలినుంచి. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పురిటాలి మంచం కింద కుంపటి పెట్టడం మా వైపు ఆనవాయితీ. ఇళ్ళల్లో అయితే పైన తాటాకు, చుట్టూ మట్టిగోడ, చూరు కింద జానెడు సందు. మామ్మ పురుళ్ళు పోసిన ఇళ్ళన్నీ అలాంటివే. ఎన్ని పురుళ్ళు పోసిందో ఆవిడకే లెక్క లేదు, ప్రతిసారీ కుంపటి పెట్టింది, ఎవరికీ ఏమీ కాలేదు. కట్టెలు వేస్తే పసివాడికి పొగ సోకుతుందని ఈసారి బొగ్గులు వేసింది. ఎర్రగా రాజుకున్నాయి. పొగ చారెడు కూడా లేదు. పొగ లేదు కాబట్టి అపాయమూ లేదనుకున్నాం. తను కూడా చుట్ట ముట్టించలేదు, మనవడి కోసం. చుట్ట లేని మామ్మ మొహాన్ని అంత దగ్గరగా నేను చూడడం అదే మొదలు.

మొదట్లో నాకు అన్నిటికీ భయమే. బయట ఎద్దు గిట్ట కదిపితే పులి. ఆకు రాలితే పోలీసు. తమ్ముడు ఏడిస్తే చప్పుడు చేస్తున్నాడని భయం, ఊరుకుంటే ఊపిరి ఆగిందేమోనని భయం. అమ్మ పాదాల దగ్గర ముడుచుకుని పడుకుని, సోడాలు పగలకూడదు, పగలకూడదు అని అనుకుంటూనే ఉన్నాను. మామ్మ ఒక చెయ్యి నా నడుం మీద వేసింది. “ఏటే గుంటా, ఇంకా తొంగోలేదా? నానున్నాను కదా.”

కాసేపటికి అమ్మ అంది, “అత్తా, తలకాయ పగిలిపోతంది.”

“పురిటి నొప్పులు పడ్డాక అలాగే ఉంటాది. కళ్ళు మూసుకో.”

“పిల్లాడు పాలు పట్టట్లేదు.”

“వాడికీ నిద్దరొత్తంది. వెచ్చగా ఉంది కదా.”

వెచ్చగా ఉంది. అదే నాకు ఎక్కువ గుర్తు. ఎన్నాళ్ళనుంచో లేని వెచ్చదనం. నా తలలో కూడా ఏదో బరువు దిగింది, తరవాత ఆ బరువు ఒంట్లోకి పాకింది, కాళ్ళు నావి కానట్టు అయ్యాయి. దీపం చిన్నదైంది. మామ్మ చెయ్యి నా నడుం మీదనుంచి జారి కింద పడితే, తీసి మళ్ళీ పెట్టుకుందామనుకుని ఊరుకున్నాను. అప్పుడు గమనించాను, నాకు భయం వేయడం లేదు. పులి లేదు, పోలీసు లేడు, సోడా లేదు. సాయంత్రంనుంచి వణికి చచ్చినదాన్ని, అసలు భయపడవలసిన సమయం వచ్చేసరికి హాయిగా ఉన్నాను. ఈ ఒక్క సంగతి నేను జీవితంలో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. చావు అంత మర్యాదగా వస్తుందని ఎవరు నమ్ముతారు? అప్పటినుంచీ ఎక్కడైనా మరీ సుఖంగా అనిపిస్తే నేను లేచి వెళ్ళి తలుపు తీస్తాను.

బయట ఏం జరిగిందో తరవాత నాన్న చెప్పగా తెలిసింది. చిరుత భయంతో చక్రాలకు కట్టిన ఎద్దులు, ఆకలేసి, తాడు అందినంత మేరా మెడలు చాచి, సోడాల మీద కప్పిన గడ్డిని కొంచెం కొంచెంగా లాక్కుని తినేశాయి. పాపం వాటికి అది మేతే కదా. తెల్లవారుజాముకు బుడ్లన్నీ మంచులో కప్పు లేకుండా మిగిలాయి.

తూరుపు తెల్లబడే వేళకు మొదటిది పేలింది. సరిగ్గా మా నేలపలకల కింద. నాకు అది ఎవరో చాలా దూరంలో తలుపు కొట్టినట్టు వినిపించింది. లేవాలనుకున్నాను, లేవలేకపోయాను. తరవాత ఇంకొకటి, వెంటనే రెండు మూడు కలిసి. పాకలో పోలీసులు చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చారట. “బండిలోంచే! బండిలోంచే కాలుస్తున్నారు!” అని కేకలు. చుట్టూ నిలబడి తుపాకులు గురిపెట్టారు. నాన్న వాళ్ళ మధ్యలోకి చేతులెత్తి పరిగెత్తాడు.

“సోడాలండీ బాబూ, సోడాలు! కాల్చకండి, మీ కాళ్ళకి మొక్కుతాను, లోన పసిగుడ్డున్నాడు!”

“లోపలున్నవాళ్ళని బయటికి రమ్మను!”

నాన్న పిలిచాడు. అమ్మను పిలిచాడు, మామ్మను పిలిచాడు, నన్ను పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆ పిలుపు నాకు వినిపించింది. పలకాలనే అనిపించలేదు.

“ఎవరూ పలకట్లేదంటే లోపల మాటేసి ఉన్నారన్నమాట. తలుపు పగలగొట్టండి” అన్నాడు హవల్దారు.

నాన్న తలుపుకు అడ్డం పడ్డాడు. “వొద్దు బాబూ, వొద్దు! తలుపు తీత్తే చలి కొట్టేత్తాది, పిల్లాడు సచ్చిపోతాడు! ఇప్పటికే ఇద్దరు పోనారు!” గొళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదట. ఇద్దరు కానిస్టేబులు ఆయన్ని జుట్టు పట్టి ఈడ్చి పారేశారు. మూడోవాడు గోనెలు కోసి, తుపాకీ మడమతో తలుపు మీద కొట్టాడు. అంత గొప్ప టేకు తలుపు, రాజుల రథానికి లేని పనితనం, ఆ దెబ్బలకు కీలు ఊడి లోపలికి పడింది.

చలి లోపలికి వచ్చింది. మొహం మీద బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టు వచ్చింది. నాకు మళ్ళీ భయం వేసింది. అప్పుడే ఏడ్చాను.

నన్ను ఎవరో ఎత్తుకెళ్ళి గడ్డి మీద పడేశారు. గడ్డంతా తెల్లగా ఉంది, ఉప్పు చల్లినట్టు. వాంతి చేసుకున్నాను. మామ్మను ఈడ్చుకొచ్చారు, చీర చెరిగిపోయి, నోరు తెరుచుకుని ఉంది. అమ్మను ఇద్దరు మోసుకొచ్చారు. తమ్ముణ్ణి హవల్దారే తెచ్చాడు. తుపాకీ ఎక్కడ పడేశాడో తెలీదు, రెండు చేతులా ఆ గుడ్డమూటను పట్టుకుని, ఎలా పట్టుకోవాలో తెలీక, “ఇదిగో... ఇదిగో...” అంటూ అందరి మొహాలూ చూస్తున్నాడు. మఫ్లరు జారిపోయింది. తమ్ముడు ఏడవడం లేదు. కదలడం లేదు. నాన్న నేల మీదనుంచి లేవకుండా అలాగే మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు.

అప్పుడు చిలకమ్మ కింద దారినుంచి వస్తోంది. గుంపును చూసి పారిపోవాలో రావాలో తెలీక ఆగింది. తరవాత వచ్చింది. పిల్లాణ్ణి హవల్దారు చేతిలోంచి లాక్కుని, గుడ్డలన్నీ విప్పేసి, బట్టలు లేకుండా ఆ మంచులో, ఆ గాలిలో పైకి ఎత్తి పట్టుకుంది. నాన్న ‘అయ్యో’ అని అరిచాడు. ఏం చేస్తున్నానో తనకే తెలీదని చిలకమ్మ తరవాత చెప్పింది, ఏదో ఒకటి చెయ్యాలని చేసిందట. అరికాళ్ళ మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నోట్లో ఊదింది. మేమంతా, పోలీసులతో సహా, ఆ చిన్న పొట్ట వైపే చూస్తున్నాం. బండి కింద ఇంకో సోడా ఢామ్మంది. ఆ చప్పుడుకు తుళ్ళిపడ్డట్టుగా వాడు ఒళ్ళు విరిచి, కెవ్వుమన్నాడు.

నాన్న అక్కడే తల నేలకు ఆనించి ఏడ్చాడు. అమ్మ మధ్యాహ్నానికి గానీ మాట్లాడలేదు. మామ్మ అందరికన్నా ఆఖరున కళ్ళు తెరిచి, “తలుపెవరు తీశార్రా?” అని అడిగింది. హవల్దారు మంచులో దొర్లుతున్న గోలీ ఒకటి తీసి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. అది గుండు కాదని అప్పటికి ఆయనకూ తెలిసిపోయింది. నాన్న చేతిలో పెట్టి, పాకలోకి వెళ్ళిపోయి, వేడి టీ పంపించాడు. ఆ గోలీనే నాన్న తమ్ముడి ఉయ్యాలకు కట్టాడు.

బొగ్గు కాలితే మూసిన చోట విషం పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని నేను చాలా ఏళ్ళ తరవాత బళ్ళో చదువుకున్నాను. చదివి ఇంటికొచ్చి మామ్మకు చెప్పాను. ఆవిడ మొత్తం విని, “నా చేత్తోనే కదే” అంది. అంతే. ఆవిడ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఏ ఇంట్లోనూ తలుపు వేసుకుని పడుకోవడం లేదు. వాన కొట్టినా, చలి కొరికినా, గుమ్మానికి అడ్డంగా పడుకునేది. ఊళ్ళో పురుడని పిలుపొచ్చినా వెళ్ళేది కాదు. ఆ చేతులకు ఆవిడ మళ్ళీ పని చెప్పలేదు. పెట్టెబండిని నాన్న అమ్మేశాడు. కొన్నవాడు తలుపేది అని అడిగితే, తలుపు లేదు, అలాగే తీసుకో అన్నాడు.

సింహాద్రికి చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా చాలేది కాదు. ఎద్దులు గడ్డి తినడం దగ్గర నవ్వేవాడు. చివరికి మాత్రం ఒకే ప్రశ్న అడిగేవాడు. “నేనప్పుడు ఏడ్చానా అప్పా? గట్టిగా ఏడ్చానా?” గట్టిగానే ఏడ్చావురా, ఘాటీ కింద వరకూ వినపడింది అనేదాన్ని. ఆ మాట కోసమే అడిగేవాడు. తరవాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. మా బతుకులు మారాయి. ఆ ఘాటీ మీద ఇప్పుడు బస్సు ఎక్కితే కునుకు తీసేలోపు దిగిపోతాం. పురుళ్ళు ఆసుపత్రుల్లో పోస్తున్నారు, పిల్లలు పురిట్లో పోవడం బాగా తగ్గింది. ఆ రోజులు మంచివని నేను ఛస్తే అనను. మాకు తెలియనిది చాలా ఉండేది, తెలియనిదానికి మనుషుల్ని అప్పజెప్పేవాళ్ళం. కానీ ఆ రోజుల్లో మూసిన తలుపును ఎవరో ఒకరు వచ్చి పగలగొట్టగలిగేవారు, భయంతోనైనా సరే.

ఆఖరి రోజుల్లో సింహాద్రిని ఆసుపత్రిలో గాజు గదిలో పెట్టారు. వాడి ముక్కుకు గొట్టం, మీద తెల్లదుప్పటి, చుట్టూ మిషన్లు. గది చల్లగా, శుభ్రంగా, బిగింపుగా ఉంది, పలకకీ పలకకీ మధ్య గోరు దూరదు. వాడు నిద్రపోతున్నట్టే హాయిగా ఉన్నాడు. ఆ హాయిని నేను ఎరుగుదును. నర్సును పిలిచి, “అమ్మా, ఆ కిటికీ కాస్త తీస్తావా?” అన్నాను.

“అది తెరుచుకోదు మామ్మగారూ. ఏసీ గది కదా. మీకు చలిగా ఉందా, దుప్పటి ఇవ్వనా?” అంది ఆ పిల్ల, మంచిగానే.

వద్దన్నాను. తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బయట తెల్లవారుతోంది. మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చెవులు రిక్కించి, నేల కిందనుంచి ఒక్క చప్పుడు, ఒక్కటంటే ఒక్కటి వస్తుందేమోనని వింటూనే ఉన్నాను. ఈసారి ఏదీ పేలలేదు.